నేలకింద బారున్న ఇల్లు

మా నంద్యాల ఇల్లు కొంటామని ఎవరొచ్చినా మా నాయన వాళ్లను ముందుగా కిందికి తీసుకుపోయేవాడు. హాలు, వంటిల్లు, మేడమీది గదులు, బోరు నీళ్లు, ఇవన్నీ తర్వాత. మెట్లు దిగి, చీకట్లో తడుముకుని స్విచ్ వేసి, పక్కకు జరిగి నిలబడి వచ్చినవాళ్ల ముఖాలు చూసేవాడు. పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రి కూడా అంత ఆత్రంగా చూడడు. కింద ఉన్నది ఒక బారు. నల్లరాతి కౌంటరు, దాని ముందు రెగ్జిన్ కుట్టిన ఎత్తు స్టూళ్లు, వెనక అద్దం బిగించిన అరలు, మూలన ఒక కొళాయి, స్టీలు సింకు. ఊళ్లో బ్రాందీ షాపులుంటాయి, లాడ్జీల్లో బార్లుంటాయి. సంసారుల ఇంట్లో, అదీ భూమి లోపల, బారు ఉండటం నంద్యాలలో నేను మరెక్కడా చూడలేదు.

ఈ బారు వల్ల ఇంటికి ధర పెరుగుతుందని నాయన నమ్మకం. ఈ బారు వల్లే ఇల్లు అమ్ముడుపోవడం లేదని నా నమ్మకం. అమ్మకు ఈ రెండింటితోనూ పనిలేదు. ఆమెకు ఆళ్లగడ్డ పోవాలి, అది కూడా తొందరగా పోవాలి.

ఆళ్లగడ్డలో మా చిన్నమ్మ ఉండేది. అమ్మకు ఉన్నది ఆ ఒక్క చెల్లెలే. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. వసారాలో కుట్టుమిషను పెట్టుకుని సగం ఆళ్లగడ్డకు రవికెలు కుట్టిన మనిషి. ఒక పొద్దున మిషను ముందే పక్కకు ఒరిగిపోయింది. పక్షవాతమన్నారు. ఎడమచెయ్యి, ఎడమకాలు పడిపోయాయి. నోటికి మాత్రం ఏమీ కాలేదని అందరం సంతోషించాం, ఆమెతో మాటలు పడ్డవాళ్లు తప్ప. నంద్యాలకు తీసుకొచ్చి పెట్టుకుంటామని అమ్మ అడిగితే ఒప్పుకోలేదు.

"అక్కోళ్లింటికి సుట్టంగా వస్తా గానీ, మంచమేసుకోని పడుండేదానికి రాను. నా ఇల్లు నాకుండాది. నన్నేం ఈడ ఎవరూ తరమడంల్యా" అంది.

పక్కింటి ఆడవాళ్లు వంతులేసుకుని చూసుకునేవాళ్లు. అమ్మ వారంలో సగం రోజులు బస్సెక్కేది. నంద్యాల బస్టాండులో ఎక్కి, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ చేరి, చెల్లెలికి తలంటి, బట్టలు మార్చి, రెండు పూటలకు వండిపెట్టి, మళ్లీ సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేది. ఇక్కడ నాయనకు షుగరు, వేళకు జొన్నరొట్టె పడాలి. అమ్మకు మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పాడు. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు ఆమె రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, పళ్లు బిగించి, ఒక్కసారిగా ఎగబాకడం నేను చూశాను. చూసిన ప్రతిసారీ నాకు నాయన మీద ఒళ్లు మండేది. నేను అదే ఊళ్లో కాపురముంటున్నాను కాబట్టి ఆ మంటను చల్లారనివ్వకుండా రోజూ పోయి చూసి వచ్చే వీలుండేది.

చిన్నమ్మ ఇంటిని ఆనుకుని ఇంకో చిన్న ఇల్లుంది. దాని యజమాని అమ్ముతానన్నాడు. మధ్యన ఉన్నది మోకాలెత్తు గోడ, దాన్ని తీసేస్తే రెండిళ్లూ ఒకటే. అమ్మ ఆ ఇంటిమీద ఆశ పెట్టుకుంది. నంద్యాల ఇల్లు అమ్మితే అది వస్తుంది. బాడుగింట్లో ఉండమంటే నాయన చస్తే ఒప్పుకోడు. ఆ యజమాని అమ్మ ముఖం చూసి కొన్నాళ్లు ఆగుతానన్నాడు గానీ, ఎన్నాళ్లని ఆగుతాడు? చిన్నమ్మ మాత్రం ఎన్నాళ్లని ఆగుతుంది? అమ్మకు ఈ రెండు గడువులూ కళ్లముందు కనిపిస్తూనే ఉండేవి.

ఇక బారు సంగతి. మా నాయనది దొర్నిపాడు. నంద్యాల వచ్చి ఎరువులు, పురుగుమందుల దుకాణం పెట్టాడు. పత్తికి పురుగు పట్టినన్నాళ్లు ఆ దుకాణాలకు తిరుగులేదు. బాగా అమ్మినవాళ్లను కంపెనీలు టూర్లకు తీసుకుపోయేవి. అట్లా ఒకసారి బెంగళూరు పోయినప్పుడు ఒక ఆఫీసరు తన ఇంట్లో విందిచ్చాడట. ఆ ఇంట్లో నేలకింద గదిలో బారుంది. అందరూ ఎత్తు స్టూళ్లమీద కూర్చుని, ఆఫీసరు కౌంటరు వెనక నిలబడి, ఎవరికి ఏం కావాలో అడిగి తన చేత్తో పోశాడట. నాయన ఆ విందులో ఏం తిన్నాడో ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఆఫీసరు ఎట్లా నిలబడ్డాడో మాత్రం చాలాసార్లు నిలబడి చూపించాడు.

తొంభైల మొదట్లో మేము ఇల్లు కట్టినప్పుడు నాయన సెల్లారు కావాలన్నాడు. మేస్త్రీ తలపట్టుకున్నాడు. నంద్యాల నేల నల్లరేగడి. ఎండకు నోళ్లు తెరుస్తుంది, వానకు ఉబ్బుతుంది. "రేగట్లో గుంత తవ్వితే బావి అయితాది గానీ గది అయితాదా ప్పా?" అన్నాడు మేస్త్రీ. నాయన వినలేదు. రాతిగోడలు లేపించి, కింద బేతంచెర్ల బండలు పరిపించాడు. ఎండాకాలం కూడా ఆ బండలమీద కాలు పెడితే చల్లగా జివ్వుమనేది. అంతవరకూ బాగానే ఉంది. సింకు పెట్టినప్పుడు ఇంకో చిక్కొచ్చింది. వీధి కాలువ పైనుంది, సింకు కిందుంది. నీళ్లు పైకి పోవు గదా. చివరికి సింకు కింద ఒక బకెట్టు పెట్టారు. కొళాయి తిప్పితే నీళ్లు సింకులోంచి బకెట్లోకి పడతాయి, బకెట్టు నిండితే ఎవరో మోసుకుపోయి పైన పారబోయాలి. ఆ ఎవరో అమ్మ అని వేరే చెప్పక్కర్లేదు.

కౌంటరు రాయి ఆళ్లగడ్డ నుంచి వచ్చింది. ఆళ్లగడ్డలో దేవుళ్ల విగ్రహాలు చెక్కే శిల్పులున్నారు గదా, వాళ్లలో ఒకరికి నాయన ఫోనులో కొలతలు చెప్పి, నున్నటి నల్లరాయి కావాలని, అంచు అందంగా ఉండాలని చెప్పాడు. దేనికో చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడ్డాడని అమ్మ అంటుంది. ఆ శిల్పి కూడా అడగలేదు. అంత పొడుగు రాయి, అంచు అందంగా అంటే ఏదో పెద్ద గుళ్లో దేవుళ్లను వరసగా నిలబెట్టే పీఠమే అయ్యుంటుందని అనుకున్నాడు. భక్తిగా అంచు పొడుగునా తామర రేకులు చెక్కి పంపాడు. లారీలోంచి దించినప్పుడు కూలీలు చెప్పులు విడిచి మోశారు. నాయన నోరు మెదపలేదు. అట్లా మా బారు కౌంటరు చుట్టూ పద్మదళాలు వచ్చాయి.

గృహప్రవేశం అయిన కొద్దిరోజులకు నాయన తన స్నేహితులను పిలిచాడు. అందరూ ఆయనలాగే పురుగుమందుల దుకాణాలవాళ్లు. అమ్మ పైనుంచి వేయించిన పల్లీలు, కోడి వేపుడు పంపింది. నేను పళ్లెం తీసుకుని మెట్ల దాకా పోయాను. పెద్దపెద్ద మనుషులు ఆ స్టూళ్లమీద కాళ్లు నేలకానక వేలాడేసుకుని కూర్చున్నారు. నాయన కౌంటరు వెనక బెంగళూరు ఆఫీసరులాగా నిలబడ్డాడు. ఎవరూ మాట్లాడటం లేదు. పైన అమ్మ గిన్నె దించిన చప్పుడైతే అందరూ ఒక్కసారి పైకప్పు వైపు చూశారు.

కొంచెంసేపటికి వాళ్లలో పెద్దాయన గ్లాసు ముట్టకుండానే స్టూలు దిగాడు. "వదిన ఇంట్లో ఉండాది ప్పా. ఆయమ్మ కాళ్లకింద కూర్చోని తాగితే నాకు గొంతు దిగదు. పదండి, తోటకు పోదాం" అన్నాడు.

మిగిలినవాళ్లకు ప్రాణం లేచొచ్చింది. అందరూ జీపెక్కి ఎవరిదో తోటకు పోయారు. నాయన లైటు ఆర్పి, తలుపుకు తాళం వేసి, వాళ్లతోపాటే జీపెక్కాడు. తన ఇంట్లో బారు పెట్టుకుని తాగడానికి చేనుగట్టుకు పోయిన మనిషి మా నాయన ఒక్కడే అయ్యుంటాడు.

మావైపు మగవాళ్లు తాగేది ఇంటికి దూరంగా పోవడానికి. ఇంట్లోనే చోటు చూపిస్తే ఇక వాళ్లకు తాగుడెందుకు? ఈ చిన్న సంగతి ఊరంతటికీ తెలుసు, మా నాయనకు తప్ప. ఆయన ఇంకొన్నిసార్లు పిలిచి చూశాడు. ఏదో ఒక సాకు చెప్పేవాళ్లు. తర్వాత తొంభైల మధ్యలో మద్యనిషేధం వచ్చింది. అరల్లో అలంకారానికి పెట్టిన సీసాలు చూసి నాయనకు భయం పట్టుకుంది. ఒక మధ్యాహ్నం అన్నీ సింకులో వంపేశాడు. సింకులోంచి బకెట్లోకి పడింది. అమ్మ ముక్కుకు కొంగు చుట్టుకుని ఆ బ్రాందీ బకెట్టు మెట్లన్నీ మోసి, కరివేపాకు చెట్టు మొదట్లో పోసింది. ఆ ఏడాది చెట్టు బాగా ఇగురేసిందని చిన్నమ్మ చాలా రోజులు వేళాకోళం చేసింది.

తాళంచెవి అప్పటినుంచి అమ్మ చేతికొచ్చింది. నంద్యాల ఎండ తెలిసినవాళ్లకు నేలకింద చల్లటి గది విలువ చెప్పనక్కర్లేదు. మిద్దె కాలి పైగదుల్లో మంచం పట్టెలు కూడా వేడెక్కిపోయే రోజుల్లో అమ్మ కింద చాప వేసుకుని పడుకునేది. ఎండాకాలం చిన్నమ్మ వచ్చి పది పదిహేను రోజులుండేది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఆ తామర రేకుల రాతిమీద వడియాల పిండి కలిపేవాళ్లు, మామిడికాయలు కడిగి కొట్టేవాళ్లు, సింకులో నిమ్మకాయలు తోమేవాళ్లు. నా కొడుకు పుట్టినప్పుడు అది నడిఎండాకాలం. బాలింతగా నేను అక్కడే ఉన్నాను. పిల్లవాడికి చిన్నమ్మ నలుగుపెట్టి నీళ్లు పోసింది ఆ కౌంటరు పక్కనే. నిషేధం ఎత్తేశాక నాయన మళ్లీ గ్లాసులు తుడిచి అరల్లో పెట్టాడు. ఎవరూ రాలేదు. ఆడవాళ్ల చాప కింద పరిచే ఉండేది, ఆయన గ్లాసులు పైన మెరుస్తూనే ఉండేవి.

ఇల్లు అమ్మకానికి పెట్టేటప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. బ్రోకరు మంచివాడే. "సార్, సెల్లారును స్టోరురూమని సెప్పుకుందాం, కౌంటరు మింద దుప్పటి కప్పుదాం" అని బతిమాలాడు. నాయన ఆయన్ను ఎంత తీక్షణంగా చూశాడంటే మళ్లీ ఆ మాటెత్తలేదు.

మొదట ఒక బ్యాంకు ఉద్యోగి, భార్యతో వచ్చాడు. ఆమె మెట్లు దిగి, తామర రేకుల రాయి చూసి, ముట్టుకుని కళ్లకద్దుకుంది. "ఈడ ఏ దేవున్ని పెట్టింటిరి?" అని అడిగింది. నాయన గర్వంగా, ఇది బారమ్మా, డ్రింక్స్ కోసం అని చెప్పాడు. ఆమె ఆ చేతిని కొంగుకు రుద్దుకుంటూ పైకెక్కిపోయింది. వంటిల్లు కూడా చూడలేదు.

ఉయ్యాలవాడ వైపు నుంచి ఒక భూస్వామి వచ్చాడు. పిల్లల చదువులకోసం టౌనులో ఇల్లు కావాలి. ఆయన స్టూలెక్కి కూర్చుని, అటూ ఇటూ తిరిగి, కౌంటరు మీద చరిచి "బో బాగుండాది ప్పా!" అన్నాడు. నాయన ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్లకు ఒకడు కూర్చున్నాడు, మెచ్చుకున్నాడు. ఆయనకు నిమ్మసోడా కూడా కలిపి ఇచ్చాడు. పోయేటప్పుడు ఆ పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, "అంతా బాగుండాది గానీమ్మా, ఈడ తాగితే మా యమ్మకు తెలుస్తాది గదా" అన్నాడు. ఆయనకు అప్పటికే జుట్టు నెరిసింది. మళ్లీ రాలేదు.

ఒక కాంట్రాక్టరు వాస్తు చూసే సిద్ధాంతిని వెంటబెట్టుకుని వచ్చాడు. సిద్ధాంతి దిక్సూచి పట్టుకుని సెల్లారంతా తిరిగి, "నైరుతిలో గుంత. గుంతలో నీళ్లు. యజమానికి మంచిది కాదు" అని తేల్చాడు. "యజమాని నేనే గదా, బాగానే ఉండాను గదా" అన్నాడు నాయన. సిద్ధాంతి ఆయన్ను కిందినుంచి మీదిదాకా ఒకసారి చూసి, దిక్సూచి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఇంకొకాయన ఇంజనీరు, ఆ సింకు నీళ్లు ఎటు పోతాయని అడిగాడు. బకెట్లోకి అని నాయన చెప్పాడు. అంతే.

వీళ్లు వచ్చిపోతున్నన్నాళ్లూ అమ్మ బస్సెక్కుతూనే ఉంది. ఇల్లు అమ్ముడుపోలేదని ఆమె ఎవరినీ దెప్పలేదు. ఆ ఓర్పు చూస్తే నాకు ఇంకా కోపమొచ్చేది.

అప్పుడు కోయిలకుంట్ల నుంచి ఒక విత్తనాల వ్యాపారి వచ్చాడు. ఇల్లు నచ్చింది, ధర నచ్చింది, బేరమాడలేదు కూడా. కిందికి దిగి చుట్టూ చూసి, "విత్తనం మూటలకు ఇంత సల్లటి చోటు దొరకదు సార్. ఈ రాయి మాత్రం పగలగొట్టి తీసేస్తా, అడ్డం" అన్నాడు. అమ్మ మెట్లమీద నిలబడి వింటోంది. ఆమె ముఖంలో ఇల్లు అమ్ముడుపోయినట్టే కనిపించింది.

"పగలగొట్టేవాళ్లకు నేనివ్వను" అన్నాడు నాయన.

వ్యాపారి నవ్వులాట అనుకున్నాడు. కాదని తెలిశాక చెప్పులేసుకుని పోయాడు. సరిగ్గా ఆ వారంలోనే చిన్నమ్మకు రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి నోటిమీద కూడా దెబ్బ పడింది. మాట ముద్దముద్దగా, నెమ్మదిగా వచ్చేది. ఆమె పక్కింటి యజమాని వేరే పార్టీవాళ్లు అడుగుతున్నారని కబురు పంపాడు. ఇంకో నెల చూస్తానన్నాడు. చిన్నమ్మను చూసొచ్చి అమ్మ నేరుగా దుకాణానికే పోయింది. నేను వెంట ఉన్నాను. దుకాణంలో రైతులు ఎవరూ లేరు. అమ్మ పురుగుమందు డబ్బాల వాసన మధ్య నిలబడి, గొంతు పెంచకుండా మాట్లాడింది.

"నేనడిగేది ఒకటే. ఆ రాయి నీకేమైతాది? ఆడ మంచంలో ఉండేది నాకు చెల్లెలు. అది పొయినాక నాకు ఆళ్లగడ్డలో ఇల్లు ఏమిటికి?"

నాయన తల దించుకున్నాడు. అమ్మ జవాబు కోసం ఆగకుండా ఇంటికి నడిచింది. ఇద్దరం మిగిలాక ఆయన నాతో అన్నాడు.

"దొర్నిపాట్లో మా నాయన అరుగుమింద పొద్దుగూకితే నలుగురుండేవాళ్లు పాపా. ఎప్పుడూ. ఈడికొచ్చినాక నా దగ్గరికి మందుడబ్బాలకు తప్ప ఎవరొచ్చినారు? నలుగురు కూర్చోవాలని కట్టిస్తి. అది పగలగొడ్తామంటే ఏందో, ఇంగ ఎవరూ రారని సెప్పినట్లుండె."

నాకు జాలేసింది. కోపం మాత్రం తగ్గలేదు. "ఇంగెవరు రావాల నాయనా? ఇన్నేళ్లయ్యా, రాల్యా గదా" అన్నాను. ఆయన దుకాణం బల్లమీద దుమ్ము తుడుస్తూ ఉండిపోయాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఇల్లు అమ్మకానికి పెట్టినప్పటినుంచి తన దగ్గరే ఉంచుకున్న తాళంచెవి అమ్మ ముందు పెట్టి, "ఈసారి ఎవరన్నా వస్తే నువ్వే సూపించు. నేను రాను" అన్నాడు.

తర్వాత వచ్చింది ఒక టీచర్ల జంట. భార్యాభర్తలిద్దరూ హైస్కూల్లో పనిచేస్తారు. నడిమధ్యాహ్నం వచ్చారు, కరెంటు లేదు. పైన నిలబడితే నెత్తిమీద నిప్పుల కుంపటి పెట్టినట్టుంది. నాయన మాట మీద నిలబడి దుకాణంలోనే ఉండిపోయాడు. అమ్మ టీచరమ్మను కిందికి పిలిచింది. మోకాళ్ల నొప్పితో ఒక్కో మెట్టూ పక్కకు తిరిగి దిగింది. లైటు లేదు. పైన గోడకున్న కంతల్లోంచి వచ్చే వెలుతురే. అమ్మ ఏదీ దాచలేదు.

"ఇది మా ఆయన బారని కట్టించినాడు. ఎవరూ తాగల్యా. ఈడ నేను ఎండాకాలమంతా పండుకుంటా. ఈ రాయిమింద పిండి కలుపుకుంటాం, పచ్చళ్లు పెట్టుకుంటాం. నా మనవనికి నీళ్లు పోసింది ఈడనే. ఈ సింకు నీళ్లు బకెట్లోకి పడతాయి, నిండకముందే ఎత్తాల. వానకాలం గోడలు సెమరుస్తాయి, అప్పుడు బియ్యం మూటలు పెట్టగాకు, ముక్కిపోతాయి."

టీచరమ్మ వింటూ వింటూ బండలమీద కూర్చుండిపోయింది. గోడకు వీపానించి కళ్లు మూసుకుంది. అమ్మా, వెనకే దిగిన నేనూ ఆమెకు చోటిచ్చి పక్కకు జరిగాం. పైన వాళ్లాయన ఏమైందోనని పిలుస్తున్నాడు. "ఈ ఊరికొచ్చినాక నాకు మధ్యాన్నం పూట సల్లగా ఉండేది ఇదే మొదలు" అంది ఆమె, కళ్లు తెరవకుండానే. తర్వాత కౌంటరు వైపు చూసి, దీన్నేం చేసుకోవాలి అని అడిగింది.

"ఉంచుకుంటే ఉంచుకో, తీసేస్తే తీసేయమ్మా. ఇల్లు నీదైనాక నీ ఇష్టం" అంది అమ్మ.

నేలకింద బారుంటే ఇల్లు కొనేవాళ్లు ఇష్టపడతారా అని ఇప్పుడెవరైనా నన్నడిగితే నాకు తెలిసింది ఇంతే. మా ఊళ్లో బారును ఎవరూ కొనరు. ఎండకు తలదాచుకునే చోటుంటే కొంటారు. నాయన ఆ గదిలో జరగాలనుకున్నది చూపించాడు, అమ్మ జరిగింది చూపించింది. నాకు ఆరోజు అమ్మను చూస్తే గర్వంగా అనిపించింది. ఇంత తెలివి పెట్టుకుని ఇన్నాళ్లూ బస్సులెక్కి తిరిగిందేమని కోపం కూడా వచ్చింది.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టే ముందు నాయన పెన్ను చేతిలో పట్టుకుని టీచరు వైపు తిరిగాడు. "ఆ కౌంటరు ఉంచుతారా సార్?" అని అడిగాడు. ఆయన నిజాయితీపరుడు. "ఇంగా ఏమీ అనుకోల్యా సార్. పిల్లలు పెద్దోళ్లయితే సూడాల" అన్నాడు. నేను నాయన చేతినే చూస్తున్నాను. ఆయన తలాడించి, కాగితం మీదికి వంగి సంతకం పెట్టాడు. బయటికొచ్చాక అమ్మ ఆయనకు మజ్జిగ కొనిచ్చింది. ఇద్దరూ చెట్టునీడన నిలబడి తాగారు.

ఆళ్లగడ్డలో సామాను దించిన రోజే మోకాలెత్తు గోడను పగలగొట్టించారు. చిన్నమ్మ మంచం వసారాలోకి జరిపాం, మిషను పక్కన. అమ్మ అటూ ఇటూ తిరగడానికి ఇక బస్సు అక్కర్లేదు. ఆ వారమంతా ఆమె ఏ పనీ లేకపోయినా ఊరికే ఆ ఇంట్లోంచి ఈ ఇంట్లోకి, ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకి నడవడం చూస్తే నాకు కడుపు నిండిపోయింది.

నాయనకే కాలు నిలిచేది కాదు. దుకాణం లేదు, తెలిసిన మనుషులు లేరు. పొద్దున సెంటర్లోకి పోయి టీ తాగి వచ్చేవాడు. సాయంత్రం వీధిలో నిలబడి వచ్చేపోయే ఆటోలను చూసేవాడు. నేను సెలవురోజు చూడ్డానికి పోయినప్పుడు అమ్మ వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. చిన్నమ్మ దిండ్లకు ఆని కూర్చుని ఉంది. నాయన గడప దగ్గర నిలబడి, లోపలికి రావాలో వీధిలోకి పోవాలో తెలియనట్టు ఉన్నాడు.

"బావా" అని పిలిచింది చిన్నమ్మ. మాట మెల్లగా, ఒక్కొక్క ముక్కా కూడగట్టుకుని వస్తోంది. "మగోళ్లు రాల్యా, మగోళ్లు రాల్యా అని అన్నేండ్లు దిగులుపడ్తివి గదా. నన్నెప్పుడన్నా పిలిస్తివా?"

నాయన నవ్వేశాడు. మరదలు వేళాకోళమాడిందనుకున్నాడు. "నువ్వు యాడ తాగుతావ్ మే" అన్నాడు.

"నాకు బ్రాందీ ఏమిటికి? సోడా పోస్తే తాగనా? ఆ రాయిమింద పిండి కలిపినా. నీ మనవనికి నీళ్లు పోసినా. అంతెత్తు కుర్చీలుండె. దాని మింద కూర్చోమే అని ఒక్కనాడన్నా అంటివా? నన్ను ఇడిసిపెట్టు, మా యక్కను అంటివా?"

నాయన ముఖంలో నవ్వు పోయింది. ఆయన ద్వారబంధం పట్టుకుని, "నాకు తోచల్యా" అన్నాడు.

"తోచదులే" అంది చిన్నమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "మేం ఆడనే ఉంటిమి గదా, యాడ కనపడతాం?"

అమ్మ తలెత్తలేదు. చేటలో వేళ్లు మాత్రం ఆగిపోయాయి. నాయన గడప దాటి లోపలికొచ్చాడు. కుట్టుమిషను ముందున్న చిన్న ముక్కాలిపీట లాక్కుని, మంచానికీ చేటకూ మధ్యన కూర్చున్నాడు. దీపాలు పెట్టేదాకా లేవలేదు.